కోరిక పుట్టే చోటు

1913లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మార్కుస్ గుగ్గెన్‌హైమ్ అనే రసాయనవేత్త చిక్కుడు జాతి గింజల నుంచి ఒక తెల్లటి పొడి తీశాడు. కుందేళ్ల మీద పరీక్షిస్తే చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. ఇదేదో తేల్చుకుందామని తనే రెండున్నర గ్రాములు మింగాడు. కడుపులో తిప్పి వాంతులయ్యాయి. ఆ పదార్థంతో ఒంటికి పెద్దగా ఒరిగేదేమీ లేదని తేల్చి, వివరాలు అచ్చువేయించి, వేరే పనిలో పడిపోయాడు. ఆ పొడి పేరు ఎల్-డోపా. మనిషి తన ఇష్టం, తన సంకల్పం అని గట్టిగా నమ్మేదాన్ని ఆ పొడే ప్రశ్నార్థకం చేస్తుందని అప్పట్లో ఎవరూ ఊహించలేదు.

మన పల్లెల్లో ఆ పొడి దూలగొండిలో దండిగా ఉంది. కాయ మీది నూగు ఒంటికి తగిలితే దురదతో చిందులు తొక్కించే తీగ అది. బడిలో పక్కవాడి చొక్కాలో వేసి తన్నులు తిన్నవాళ్లు పాతతరంలో చాలామందే ఉంటారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేసి, ఇంగ్లండ్ పత్రికలో ప్రచురించారు. అప్పటికీ దానితో ఎవరికీ పనిబడలేదు. మందు దొరికింది, అది ఏ జబ్బుకో తెలియదు.

కథను ముందుకు నడిపింది ఇంకో మొక్క. సర్పగంధి వేరును మన దేశంలో పాముకాటుకి, నిద్రపట్టనివాళ్లకి, మతి చలించినవాళ్లకి తరతరాలుగా వాడుతున్నారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు పిచ్చిని నెమ్మదింపజేస్తుందని, రక్తపోటు తగ్గిస్తుందని రాశారు. రాసింది మన దేశంలోని పత్రికలో కాబట్టి బయట పట్టించుకున్నవాళ్లు లేరు. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రక్తపోటు రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశాక గానీ అక్కడి కంపెనీలకు కళ్లు తెరుచుకోలేదు. 1952లో బాసెల్‌లోని సీబా కంపెనీవాళ్లు వేరులోని అసలు సరుకును వేరుచేసి రిసర్పిన్ అని పేరు పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే న్యూయార్క్‌లో నాథన్ క్లైన్ అనే డాక్టరు దాన్ని మానసిక రోగులకిచ్చి, అరుపులు కేకలతో హోరెత్తే వార్డులు సద్దుమణిగాయని ప్రకటించాడు.

సద్దుమణగడం కొందరిలో శ్రుతి మించింది. రిసర్పిన్ వాడినవాళ్లలో కొంతమందికి చేతులు వణకడం, అడుగు చిన్నదై పోవడం, ముఖంలో ఏ భావమూ పలకకపోవడం మొదలయ్యాయి. అచ్చం పార్కిన్సన్స్ జబ్బు మనిషిలా. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వణుకు జబ్బు అది. ఇంకొందరు దేని మీదా ఆసక్తి లేక దిగులులో కూరుకుపోయారు. ఒక వేరు ముక్క మనిషి కదలికనీ ఉత్సాహాన్నీ కలిపి లాగేసుకుంటోందంటే, మెదడులో ఆ రెండూ ఒకే గాదె నుంచి వస్తున్నాయేమో అన్న అనుమానం రావాలి. అప్పుడు ఎవరికీ రాలేదు.

స్వీడన్‌కు చెందిన అర్విద్ కార్ల్‌సన్ 1955లో అమెరికాలోని బెథెస్డాలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలకు వెళ్లాడు. రిసర్పిన్ ఇస్తే మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం ఖాళీ అయిపోతుందని బ్రోడీ బృందం అప్పుడే కనిపెట్టింది. ఖాళీ అయ్యేది అదొక్కటేనా అని కార్ల్‌సన్‌కు సందేహం. లుండ్‌కు తిరిగొచ్చి చూస్తే నోరాడ్రినలిన్ కూడా మాయమవుతోంది. నాడీకణాల్లో ఈ రసాయనాలు చిన్న చిన్న సంచుల్లో నిలవ ఉంటాయి. రిసర్పిన్ ఆ సంచుల్లోకి సరుకు చేరనివ్వదు, బయట మిగిలింది నాశనమైపోతుంది.

తర్వాత చేసిన ప్రయోగం ఎంత సులువంటే, విన్న ఎవరికైనా ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది. ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపితే? నోరాడ్రినలిన్‌ని నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే మెదడు రానివ్వదు, గడప దగ్గరే ఆపేస్తుంది. దాని ముడిసరుకు ఎల్-డోపా మాత్రం లోపలికి పోగలదు. 1957లో కార్ల్‌సన్, ఇద్దరు సహచరులు కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చారు. చెవులు వాలిపోయాయి, కళ్లు సగం మూతపడ్డాయి, ఎక్కడ కూలబెడితే అక్కడే. ఆ స్థితిలో డోపా ఎక్కించారు. పావుగంటలోపే చెవులు నిక్కబొడుచుకుని లేచి తిరగసాగాయి. అంతకుముందు, ఆ తర్వాత తీసిన ఆ కుందేళ్ల ఫొటోలు మెదడు శాస్త్రం పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

ఇక నోరాడ్రినలిన్ తిరిగి నిండి ఉంటుందని వాటి మెదళ్లు పరీక్షిస్తే ఒక్క చుక్కా లేదు. మరి లేపిందెవరు? డోపా నోరాడ్రినలిన్‌గా మారే దారిలో మధ్యలో వచ్చే మజిలీ ఒకటుంది, డోపమిన్. 1910లోనే లండన్‌లో తయారుచేశారు. అది మధ్యలో తగిలే సరుకే తప్ప దానికంటూ సొంత పనేమీ లేదని అందరూ అనుకునేవాళ్లు. 1957లోనే ఇంగ్లండ్‌లో క్యాథ్లీన్ మాంటగ్యూ అది మెదడులో ఉందని చూపింది. 1958లో కార్ల్‌సన్ బృందం దాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టి, రిసర్పిన్‌తో పోయేదీ డోపాతో తిరిగొచ్చేదీ అదేనని తేల్చింది. మరుసటి ఏడాది లుండ్‌లోనే బెర్ట్‌లర్, రోసెన్‌గ్రెన్ అది మెదడంతా కాకుండా లోపల స్ట్రయేటమ్ అనే భాగంలో పోగుపడి ఉందని చూపించారు. కదలికలను సర్దే భాగం అది.

ఇంత స్పష్టమైన సాక్ష్యం పట్టుకుని 1960 మార్చిలో కార్ల్‌సన్ లండన్‌లో జరిగిన సదస్సుకు వెళ్లాడు. ఎదురుగా కూర్చున్నది సర్ హెన్రీ డేల్ లాంటి నోబెల్ గ్రహీతలు. డోపమిన్‌కు ఆ పేరు పెట్టినవాడు కూడా డేలే. డోపా విషమై ఉంటుందని ఆయన అభిప్రాయం. మెదడు కణాలు విద్యుత్తుతోనే మాట్లాడుకుంటాయని నమ్మేవాళ్లు అప్పటికి ఇంకా చాలామంది. రసాయనానికీ బుద్ధికీ ముడిపెట్టడం వాళ్లకు నచ్చే సంగతి కాదు. ఎంత పెద్దవాళ్లయినా తమ యవ్వనంలో నేర్చుకున్న శాస్త్రాన్ని దాటి రావడం కష్టమేమో.

అదే ఏడాది వియన్నాలో ఓలె హార్నికీవిచ్ అనే యువకుడు పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లు సంపాదించే పనిలో ఉన్నాడు. హెర్బర్ట్ ఎరింగర్‌తో కలిసి మామూలు మనుషుల మెదళ్ల నుంచి, ఆరుగురు పార్కిన్సన్స్ రోగుల మెదళ్ల నుంచి స్ట్రయేటమ్ ముక్కలు తీసి, సారం దించి, రంగు తేల్చే రసాయనం కలిపాడు. డోపమిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. మామూలు మెదళ్ల గొట్టాలు గులాబీ రంగు తిరిగాయి. రోగుల గొట్టాల్లో రంగు జాడ కూడా సరిగా లేదు. కొలిచే యంత్రంలో పెట్టకముందే, ఒట్టి కంటితోనే తేడా తెలిసిపోయిందని హార్నికీవిచ్ తర్వాత చెప్పుకున్నాడు. మెదడు జబ్బుకీ ఫలానా రసాయనం లోపానికీ ముడి బయటపడడం అదే మొదటిసారి.

హార్నికీవిచ్ తన దగ్గరున్న కొద్ది గ్రాముల ఎల్-డోపాను వాల్టర్ బిర్క్‌మేయర్ అనే వైద్యుడికి ఇచ్చి రోగుల మీద ప్రయత్నించమన్నాడు. నెలలు గడిచాక, 1961 జూలైలో వియన్నాలోని వృద్ధాశ్రమంలో బిర్క్‌మేయర్ ఆ ఇంజెక్షన్ చేశాడు. మంచం మీద లేచి కూర్చోలేనివాళ్లు కూర్చున్నారు. కూర్చున్నచోటు నుంచి లేవలేనివాళ్లు నిలబడి నడిచారు. కొందరు పరుగెత్తారు, గెంతారు. వినీవినపడని గొంతులు మామూలుగా పలికాయి. కొన్ని గంటలు, అంతే, మళ్లీ యథాస్థితి. రోజూ నోటితో ఇచ్చి నిలబెట్టే పద్ధతిని 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ సాధించాడు. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా గ్రాముల్లోకి తీసుకెళ్లాడు. ఈ రోగుల మెదడులో నల్లటి వర్ణకం కరిగిపోతుంది కాబట్టి దాన్ని తిరిగి నింపాలన్నది ఆయన ఆలోచన. ఆలోచన తప్పు, మందు సరైనది. వైద్య చరిత్రలో ఇది మనం అనుకున్నంత అరుదేం కాదు.

ఇక్కడిదాకా ఇది ఒక మందు కథ. నాకు ఆసక్తి కలిగించేది ఇక్కణ్నుంచి.

పార్కిన్సన్స్ మనిషికి కండరాల్లో బలముంటుంది. నడవాలన్న బుద్ధీ ఉంటుంది. అయినా గుమ్మం దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోతాయి. అదే మనిషి ముందు నేల మీద అడ్డంగా ఒక గీత గీయండి. ఆ గీతను సునాయాసంగా దాటి అవతల అడుగేస్తాడు. వరసగా గీతలు గీస్తే వరసగా నడుస్తాడు. అంటే నడక పోలేదు, తనంతట తాను మొదలుపెట్టడం పోయింది. మనం ఏదైనా చేయాలనుకోవడానికీ చేయడం మొదలుపెట్టడానికీ మధ్య సందు ఉందని ఆరోగ్యంగా ఉన్నవాడికి ఎప్పుడూ తెలియదు. అక్కడే డోపమిన్ పని చేస్తోంది.

ఈ సంగతిని అందరికంటే దగ్గరగా చూసినవాడు ఆలివర్ శాక్స్. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని బెత్ అబ్రహాం ఆసుపత్రిలో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వ్యాపించిన నిద్ర జబ్బు నుంచి బతికి బయటపడ్డవాళ్లు దశాబ్దాలుగా శిలల్లా కూర్చుని ఉన్నారు. 1969లో శాక్స్ వాళ్లకు ఎల్-డోపా ఇచ్చాడు. వాళ్లు మేలుకోవడం గురించి ఆయన రాసిన ‘అవేకనింగ్స్’ పుస్తకం 1973లో, అదే పేరుతో సినిమా 1990లో వచ్చాయి. సినిమా చూసినవాళ్లకు గుర్తుండేది మేలుకోవడం. పుస్తకంలో దానికి సమానంగా ఉన్నది ఆ తర్వాత వచ్చిన పొంగు. ఏళ్ల తరబడి ఏదీ కోరనివాళ్లలో కోరికలు గట్లు తెంచుకున్నాయి. ఆపుకోలేని తిండి, కామం, కోపం, విరామం లేని రాత, మళ్లీ మళ్లీ అదే పని. వాళ్ల మెదళ్లు అసలే దెబ్బతిన్నవి కదా, అందుకే ఇలా అయిందని చాలామంది సరిపెట్టుకున్నారు.

అప్పటికే ఇంకో దారిలో ఇదే చోటికి చేరినవాళ్లున్నారు. 1953లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో ఒకచోట పెట్టాలనుకున్న తీగ గురితప్పి ఇంకోచోట దిగింది. బల్ల మీద ఏ మూలలో ఉండగా ఆ తీగలో కరెంటు పంపితే ఎలుక ఆ మూలకే తిరిగొస్తోంది. మీట చేతికిస్తే గంటకు వందలు, వేలసార్లు నొక్కుకుంటూనే ఉంది. ఆనంద కేంద్రం దొరికిందని పత్రికలు రాశాయి. తర్వాత ఆ దారుల్లో డోపమిన్ పారుతోందని తేలేసరికి, డోపమిన్ అంటే ఆనంద రసాయనమన్న మాట జనంలోకి వెళ్లింది. యూట్యూబ్‌లో తెలుగు వ్యక్తిత్వ వికాస నిపుణులు ఈ రోజుకీ అదే చెబుతున్నారు.

అది నిజం కాదని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ చూపించి ముప్పై ఏళ్లు దాటింది. ఎలుక మెదడులో డోపమిన్‌ను దాదాపు పూర్తిగా లేకుండా చేశారు. ఎదురుగా తిండి ఉన్నా తినదు, ఆకలితో చస్తుంది. కానీ దాని నోట్లో చక్కెర నీళ్లు పోస్తే మూతి నాకుతుంది, మామూలు ఎలుక ఎంత ఇష్టంగా నాకుతుందో అంతే ఇష్టంగా. రుచి పోలేదు, కావాలనడం పోయింది. ఇష్టపడడం వేరు, కోరుకోవడం వేరని ఆయన విడదీశాడు. ఊహించినదానికంటే ఎక్కువ దొరికినప్పుడు డోపమిన్ కణాలు ఎగసిపడతాయని, ఊహించింది ఊహించినట్టు దొరికితే ఉలకవని, దొరక్కపోతే నీరసిస్తాయని వుల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతులకు పళ్లరసం చుక్కలు ఇచ్చి కనిపెట్టాడు. ఇదీ 1990ల నాటి మాటే.

ఆ దశాబ్దంలోనే పార్కిన్సన్స్‌కు కొత్త తరం మందులు వచ్చాయి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అమెరికాలో 1997లో అమ్మకానికి వచ్చాయి. ఇవి డోపమిన్‌గా మారవు, డోపమిన్ వేషంలో వెళ్లి దాని కుర్చీలో కూర్చుంటాయి. కదలికలను చూసే భాగంలోని కుర్చీల కంటే, కోరికలను చూసే భాగంలో ఉండే కుర్చీలు వీటికి మరీ ఇష్టం.

2003లో అరిజోనాలోని ఫీనిక్స్ డాక్టర్లు తమ 1,884 మంది పార్కిన్సన్స్ రోగుల రికార్డులు తిరగేసి ఒక విచిత్రం బయటపెట్టారు. తొమ్మిది మంది కొత్తగా జూదగాళ్లయ్యారు. అందులో ఎనిమిది మంది ప్రామిపెక్సోల్ మీద ఉన్నవాళ్లు. ఇద్దరైతే చెరి 60,000 డాలర్లకు పైగా పోగొట్టుకున్నారు. 2005లో మేయో క్లినిక్ నుంచి ఇలాంటివే మరో పదకొండు కేసులు వచ్చాయి. మందు తగ్గించినా ఆపినా జూదం దానంతటదే వదిలిపోతోంది. అమెరికా, కెనడాల్లో 3,090 మందిని పరీక్షించిన సర్వే 2010లో వెలువడింది. జూదం, కొనుగోళ్ల పిచ్చి, కామం, తిండియావ, వీటిలో ఏదో ఒకటి పట్టుకున్నవాళ్లు ఆ రకం మందు వాడేవారిలో 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం.

వీళ్ల కథల్లో నన్ను ఆపేసింది జూదం కాదు. ఎవరో బలవంతాన చేయి పట్టి ఆడిస్తున్నట్టు వాళ్లకు అనిపించలేదు. ఆడాలనిపించింది, వెళ్లారు. ఎందుకు వెళ్లావంటే చెప్పడానికి కారణాలు కూడా ఉన్నాయి: సరదా, కాలక్షేపం, ఈసారి వస్తుందన్న నమ్మకం. చాలామంది ఆ కోరికకూ తెల్లటి మాత్రకూ సంబంధం ఉంటుందని డాక్టరు అడిగేదాకా అనుకోలేదు. మాత్ర తెచ్చిన కోరిక మీద ‘ఇది నీది కాదు’ అని చీటీ అంటించి ఉండదు. లోపలికి తొంగిచూసుకుంటే రెండు రకాల కోరికలూ ఒకేలా ‘నాకు కావాలి’ అంటాయి. నా ఇష్టప్రకారమే చేశానన్న మన లోపలి సాక్షి మాట కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

స్వేచ్ఛా సంకల్పం మాటెత్తితే అందరూ బెంజమిన్ లిబెట్ గడియారం ప్రయోగం చెబుతారు. మనిషి వేలు కదపాలని తనకు తెలిసేకంటే సెకనులో మూడో వంతు ముందే మెదడులో విద్యుత్ కదలిక మొదలవుతుందని 1983లో ఆయన చూపించాడు. ఆ కదలిక నిర్ణయమే కాకపోవచ్చని, మెదడులో నిత్యం ఉండే ఒడిదొడుకులు పోగుపడి అలా కనిపిస్తుండవచ్చని 2012లో ఆరన్ షర్గర్ బృందం గట్టిగా వాదించింది. నన్నడిగితే కారణం లేకుండా వేలు కదపడంలో తేలేదేముంది? ఇల్లు తాకట్టు పెట్టి జూదమాడిన మనిషి విషయంలో తేల్చవలసినది ఎక్కువ.

అలాగని రసాయనమే సర్వం అనడానికీ ఆ 2010 సర్వే ఒప్పుకోదు. మందు వాడినవారిలో దాదాపు 83 శాతం మంది ఏ వ్యసనానికీ లోనుకాలేదు. లోనైనవారిలో వయసు తక్కువవాళ్లు, పెళ్లి కానివాళ్లు, పొగతాగేవాళ్లు, ఇంట్లో జూదగాళ్లున్నవాళ్లు ఎక్కువ. కెనడా కంటే అమెరికాలో ఎక్కువ. ఒకే మాత్ర, కానీ అది వెళ్లి కలిసేది ఒక్కొక్కరి ఇల్లూ వాకిలీ, అలవాట్లూ, ఊళ్లో దొరికే జూదంతో.

   

చట్టం కూడా ఈ చిక్కులోకి దిగింది. ఫ్రాన్స్‌లో రోపినిరోల్ వాడుతూ జూదంలో ఆస్తి పోగొట్టుకున్న ఒక రోగికి తయారీదారు దాదాపు 2 లక్షల యూరోలు చెల్లించాలని 2012లో రెన్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఇప్పుడు మందు పెట్టెలో పెట్టే కాగితం మీద ఈ హెచ్చరిక అచ్చువేస్తున్నారు. మందు మొదలుపెట్టేటప్పుడు డాక్టర్లు రోగితో పాటు భార్యనో, భర్తనో, పిల్లలనో కూర్చోబెట్టి చెప్పాలి. ఎందుకంటే మార్పు ముందు కనిపించేది ఇంట్లోవాళ్లకే. మన దగ్గర అడగాల్సినది కేసినో గురించి కాదు. పేకాట గురించి, ఫోన్లో రమ్మీ గురించి, ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా పెరిగిన ఆన్‌లైన్ పార్శిళ్ల గురించి అడగాలి. మగవాళ్ల విషయంలో ఎవరూ నోరు విప్పని ఇంకో సంగతి గురించి కూడా.

ఆపేయడం కూడా అంత తేలికేమీ కాదు. 2010లోనే న్యూయార్క్ వైద్యులిద్దరు ఈ మందులు తగ్గించిన 26 మందిని గమనించారు. అయిదుగురికి ఆందోళన, చెమటలు, దిగులు, ఆ మందే మళ్లీ కావాలన్న తీవ్రమైన తపన పట్టుకున్నాయి. ఎల్-డోపా మోతాదు పెంచినా అవి తగ్గలేదు. ఆ అయిదుగురూ అంతకుముందు ఏదో ఒక వ్యసనానికి లోనైనవాళ్లే. అందుకని ఇప్పుడు మోతాదును వారాల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఎంత తగ్గిస్తే జూదం పోతుందో, ఎంత తగ్గిస్తే కాళ్లు మళ్లీ గుమ్మం దగ్గర ఆగిపోతాయో ఒక్కొక్కరికి విడివిడిగా చూసుకోవలసిందే.